నెల రోజుల బొగ్గు

రెండు జతలు ఎక్కడ సరిపోతాయి, నెలంటే ముప్పై రోజులు, అక్కడ ఉతుక్కునే వీలుందో లేదో, ఇంకో జత పెడుతున్నాను అని నేనే మడతపెట్టి సంచిలో కుక్కాను ఆ రోజు, కోపంగానే కుక్కాను, అడుగున తువ్వాళ్లు, మధ్యలో బట్టలు, పైన శాలువా, పక్క అరలో మాత్రల డబ్బా, జిప్పు సగంలో మొరాయిస్తే మోకాలు పెట్టి అదిమి లాగాను, బుజ్జి మాత్రం ఆ ప్రయాణం తనది కానట్టు ముందు గదిలో చేపల తొట్టి దగ్గర నిలబడి ఇంకో సంచి నింపుతోంది, అరచేతిలో ఇమిడే వల సంచి, దాంట్లోకి చెంచాతో నల్లటి బొగ్గు గింజలు పోస్తోంది, నిండా పోయకూడదు వదినా, మూడొంతులే, నీళ్లు గింజల మధ్య తిరగాలి, దానికీ ఊపిరాడాలి కదా అని నాకు పాఠం చెబుతూ, నేను వినడం లేదని తెలిసీ చెబుతూ, సంచి మెడకు దారం రెండు చుట్లు చుట్టి తన ముడి వేసి, ఇదిగో ఇది సరిగ్గా నెల పనిచేస్తుంది, ఇది పాడయ్యేలోగా వచ్చేస్తాను, అంది.

అదే మాట, ఇవాళ తెల్లవారి లేచిన దగ్గర్నుంచి ఆ మాట చుట్టూనే తిరుగుతున్నాను, వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను, టీ పెట్టుకున్నాను, తాగలేదు, మీగడ కట్టింది, ముందు గదికి ఇక్కణ్ణుంచి పది అడుగులు, తలుపు నిన్న మధ్యాహ్నం నేనే దగ్గరగా వేశాను, అది తోసి తొట్టి వంక ఒక్క చూపు చూడాలి, నీళ్లు నీలంగా ఉన్నాయా తేటపడ్డాయా, అంతే పని, దానికి కాళ్లు రావడం లేదు, ఫిల్టరు చప్పుడు మాత్రం వినబడుతోంది, గోడకవతల ఎవరో ఆపకుండా గొణుగుతున్నట్టు, నీలంగానే ఉన్నాయనుకో, నిన్న చేప జబ్బుకు వేసిన నీలం మందు నీళ్లలోనే ఉన్నట్టు, చేప బతుకుతుంది, తేటపడ్డాయనుకో, మందు మొత్తం ఆ బొగ్గు తాగేసినట్టు, బుజ్జి కట్టిన సంచి ఇంకా పనిచేస్తున్నట్టు, చేప పోతుంది, ఈ రెండింటిలో నేను ఏది కోరుకుంటున్నానో నాకే తెలియదు అందామంటే అది అబద్ధం, తెలుసు, తెలిసే ఇక్కడ కూర్చున్నాను.

బుజ్జి అంటే పసిపిల్ల అనుకుంటారు వినేవాళ్లు, మా ఆయన చెల్లెలు, వెళ్లేనాటికి అరవై మూడేళ్లు, మోకాళ్ల నొప్పులు, ఒక చెవి మందం, అయినా పుట్టినప్పటి పిలుపు అలాగే ఉండిపోయింది, మా ఆయన పోయిన ఏడాదే ఆమె మొగుడు ఆమెను వదిలేసి వేరే ఊళ్లో వేరే కాపురం పెట్టాడు, ఇంకెక్కడికి పోతుంది, నా దగ్గరికి వచ్చింది, ఆడపడుచూ వదినా ఒకే కప్పు కిందనా, నెల తిరక్కుండా జుట్లు పట్టుకుంటారు అని చుట్టుపక్కల వాళ్లు నవ్వుకున్నారు, ఇరవై ఆరేళ్లు ఉన్నాం, పట్టుకోలేదని కాదు, పట్టుకున్నాం, ఉప్పు దగ్గర, కిటికీ దగ్గర, రేడియో చప్పుడు దగ్గర, పట్టుకుని మళ్లీ ఒకరి తల ఒకరం దువ్వుకున్నాం, తను లాండ్రీలో మూటలు కట్టే పని చేసేది, రోజుకు ఎన్ని వందల మూటలో, అందుకే ఆ ముడి, లాగేకొద్దీ బిగుసుకుంటుంది, కానీ దానికి రెండు కొసలుంటాయట, ఒక కొస పట్టి లాగితే చాలు జారిపోతుందట, ఏ కొసో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు, ఇంట్లో ఆమె ఉండగా నాకెందుకు.

చేపను కూడా లాండ్రీ నుంచి వస్తూనే తెచ్చింది, పదకొండేళ్ల కిందట, ప్లాస్టిక్ కవరులో నీళ్లూ నీళ్లలో మూడు బంగారు చేపలూ, మన ఇద్దరికే దిక్కు లేదు, వీటికి సేవలా అన్నాను, రెండు వారం లోపలే పోయాయి, మూడోది మిగిలింది, మిగిలిందంటే మామూలుగా కాదు, నా అరచేతి పొడవు పెరిగింది, పొట్ట ముందుకేసుకుని అటూ ఇటూ పచార్లు చేస్తుంది, తిండి వేయడం ఆలస్యమైతే అద్దానికి ముక్కు ఆనించి మన వంక తప్పు చేసిన నౌకరును చూసినట్టు చూస్తుంది, అందుకని దొరగారు అని పేరు పెట్టాను, ఎగతాళికి పెట్టాను, అదే నిలబడింది, ఆ దొరగారికి నీళ్లు పచ్చబడకూడదు, వాసన రాకూడదు, ముందు స్పాంజి మురికి పట్టాలి, దాని వెనక బొగ్గు ఉండాలి, బొగ్గు అంటే ఆమెకు కోపం, కార్బన్ అనాలి వదినా, పొయ్యిలోది కాదు ఇది, పేరు మారిస్తే తెల్లబడుతుందా అనేదాన్ని, నెలకోసారి కొత్త గింజలు జల్లెడలో పోసి కుళాయి కింద కడిగేది, నల్లటి నీళ్లు పారి పారి తేటగా వచ్చేదాకా, ఆ తర్వాత గిన్నెలో నీళ్లు పోసి వాటిని వదిలి గిన్నెకు చెవి ఆనించేది, మంచి చెవి, గింజల్లోంచి గాలి బయటికొస్తుంది, సన్నగా సుయ్‌మంటుంది, విను వదినా దాహం తీర్చుకుంటోంది అనేది, నేనూ వంగి చెవి పెట్టేదాన్ని, ఇద్దరు ముసలివాళ్లు ఒక గిన్నె మీద తలలు ఆనించి, ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకుందురు, ఆమె తలకు రాసుకునే నూనె వాసన వచ్చేది.

మనిషి గుమ్మం దాటితే నాకు ఒళ్లు స్వాధీనంలో ఉండదు, ఇవాళ్టిది కాదు ఈ జబ్బు, మా అమ్మ నన్ను పిన్ని ఇంట్లో దింపి వెళ్లిన రోజు నుంచి, ఆరేళ్లు నాకు, రెండు గౌన్లు గుడ్డ సంచిలో పెట్టి సంచి నా చేతికిచ్చి వీధి మలుపు తిరిగింది, మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసిందని పిన్ని అనేది, నేను చూడలేదు, నేను సంచి మూతి విప్పి గౌన్లు ఎన్ని పెట్టిందో చూస్తున్నాను, ఎన్ని పెడితే అన్ని రోజులని లెక్క అప్పట్లో నాకు, రెండే ఉన్నాయి, రెండు రోజుల్లో వస్తుందనుకున్నాను, తర్వాత మా ఆయన, అచ్చాఫీసులో పని, భోజనం డబ్బా పుచ్చుకుని పొద్దున వెళ్లాడు, సాయంత్రం డబ్బా ఒక్కటే వచ్చింది, ఎవరో తెచ్చి గుమ్మంలో పెట్టారు, తెరిస్తే అన్నం ముట్టుకోలేదు, ఆయన తెచ్చే చెడిపోయిన అచ్చు కాగితాలు అలమర అరల్లో పరిచేదాన్ని, డబ్బాలు జరిపి ఆ కాగితాల మీదే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను, ముప్పై దాటాక, బడి లేదు, పంతులు లేడు, సగం సగం కాగితాలు, వాక్యం మొదలవుతుంది, అంచు దగ్గర తెగిపోతుంది, ఆమె తలుపు తీసి చూసేసరికి అని ఉంటుంది, అంతే, ఏం చూసిందో ఇప్పటికీ తెలియదు, మిగతా సగం ఏ ఇంట్లో ఏ డబ్బా కిందుందో, అలా చదువుకున్న చదువు నాది, ఏది చేతికొచ్చినా చదువుతాను, మందు సీసా మీద కూడా చివరి అక్షరం దాకా.

నిన్నటి సీసా మీద ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను, మందు వేయుటకు ముందు ఫిల్టరు నుండి కార్బన్‌ను తొలగించవలెను, చీమ తలకాయంత అక్షరాలు, భూతద్దం పెట్టి రెండుసార్లు చదివాను, తెలియక చేశానని అనడానికి లేదు.

వెళ్లొద్దన్నాను బుజ్జిని, అసలు గొడవ అక్కడ, ఆమెను వదిలేసిన ఆ పెద్దమనిషి కాపురం అక్కడా నిలవలేదు, ఒక్కడే పడి ఉన్నాడు, కాలూ చెయ్యీ పడిపోయింది, అతని తమ్ముడు కబురు పెట్టాడు, ఒక నెల ఎవరైనా దగ్గరుండి చూస్తే లేచి తిరుగుతాడని డాక్టరు అన్నాడట, ఎవరైనా అంటే ఎవరు, ఇరవై ఆరేళ్లు గుర్తు రాని పెళ్లాం, నాకు ఒళ్లు మండిపోయింది, ఇన్నేళ్లు మురిగిన మనిషిని కడగడానికి నువ్వేమన్నా కార్బన్‌వా, నెల రోజులు మురికి లాగి పారెయ్యడానికి అన్నాను, నోటి దురుసు, అనేశాక నాలుక కరుచుకున్నాను, ఆమె నవ్వింది, నవ్వితే ఇంకా మండింది, పడిపోయిన మనిషి వదినా, పగవాడైనా నీళ్లందిస్తాం కదా, నెలే కదా, అంది, అయితే నీ చేపకు నేను చాకిరీ చెయ్యను, చస్తే చావనీ అన్నాను, చేస్తావులే అంది, అంత నమ్మకంగా ఎందుకంది ఆ మాట, సంచి భుజాన వేసుకుంది, నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను, పొయ్యి మీద ఏమీ లేదు, ఊరికే నిలబడ్డాను, నా వెనక రెండు నిమిషాలు ఆగింది, నేను తిరగలేదు, తర్వాత ముందు గదిలోంచి వినబడింది, దొరగారూ వెళ్లొస్తా, చేపకు చెప్పింది, నాకు చెప్పలేదు, నా వీపుకు చెప్పడమెందుకని చేపకు చెప్పింది, గొళ్లెం చప్పుడు, చెప్పుల చప్పుడు, మెట్లు, నేను పరుగెత్తుకెళ్లేసరికి వీధిలో ఎవరో సైకిలు తుడుచుకుంటున్నారు, అంతే.

ఆదివారం ఆదివారం పదింటికి ఫోను చేసేది, ముందు ప్రశ్న దొరగారెలా ఉన్నారు, తర్వాత నీ కాళ్లెలా ఉన్నాయి, ఆ మనిషి గురించి నేనడగను, ఆమె చెబుతుంది, వేళ్లు కదుపుతున్నాడు, చెంచా పట్టుకున్నాడు, నిన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు వదినా అంది, ఆ అనడంలో ఏదో ఉంది, నాకు నచ్చలేదు, నెల దాటిన ఆదివారం, అది మరిచిపోలేను, నెలైపోయింది కదా, కార్బన్ మార్చావా అంది, మార్చావా అంటే మార్చుకోమని, మార్చుకోమంటే తను రావడం లేదని, ఇంకో నెల పట్టేట్టుంది వదినా అని తర్వాత నసిగింది గానీ నేను అప్పటికే వినేశాను, మార్చాను అన్నాను, ముడి గట్టిగా వేశావా, వేశాను, జారిపోతే గింజలన్నీ మోటారులో పడతాయి చూసుకో, చూసుకున్నాలే అన్నాను, ఒక్క మాటా నిజం కాదు, ఫోను పెట్టేసి తొట్టి దగ్గరికి వెళ్లి మూత ఎత్తి ఆమె ముడి చూశాను, తడిసి నల్లబడి అలాగే ఉంది, ఇది పాడయ్యేలోగా వచ్చేస్తాను అంది కదా, అయితే దీన్ని పాడు కానివ్వను, అంత చిన్న పని నా చేతిలో లేదా, అనుకున్నాను.

అప్పుడు మొదలుపెట్టాను ఉతకడం, ముడి విప్పకుండా సంచిని సంచిలాగే కుళాయి కింద పట్టి పిసికేదాన్ని, అంచు విరిగిన పాలగిన్నె దానికని వేరుగా పెట్టి అందులో ఉడకబెట్టేదాన్ని, నీళ్లు గోధుమరంగులోకి దిగుతుంటే సంతోషం, మురికి వదులుతోంది, మళ్లీ కొత్తదవుతోంది, బాల్కనీలో ఎండలో పెడితే కింద వాటాలో బట్టలు కుట్టే ఆమె తలెత్తి అడిగింది, ఏం ఎండబెట్టారు పెద్దమ్మా, పళ్లపొడి చేస్తున్నా, నీక్కావాలా అన్నాను, మా ఆయనకివ్వండి, నోరు కడుక్కుని మాట్లాడతాడేమో అంది, నవ్వుకున్నాం, ఆరిన సంచి మళ్లీ ఫిల్టరులో పెట్టేసరికి కొత్త నెల మొదలైనట్టే నాకు, తేదీ కాగితం మాత్రం ముట్టుకోలేదు, తొట్టి పక్కన అద్దానికి అంటించి ఉంటుంది, కార్బన్ మార్చిన ప్రతిసారీ ఆమె ఒక వరుస రాసేది, చివరి వరుస జనవరి 8, దాని కింద తెల్లగా ఖాళీ, మొదటిసారి ఉడకబెట్టిన మూడు వారాలకు, మార్చి ఆరు, ఆదివారం, పదింటికి ఫోను మోగింది, ఎత్తి అవతలి గొంతు వినకుండానే దొరగారు బాగున్నారు అన్నాను, అవతల మగ గొంతు, నేనండీ తమ్ముణ్ణి, మా వదిన బుధవారం పొద్దున నిద్రలేవలేదండి, అన్నీ అయిపోయాయి, మీ నంబరు ఇవాళ దొరికింది, అన్నాడు, మా వదిన అన్నాడు, నన్ను వదినా అని పిలిచే మనిషిని, నేను సరే అన్నాను, సరే అని ఎందుకన్నానో, ఫోను పెట్టేసి వెళ్లి దొరగారికి తిండి వేశాను, బుధవారం ఏం చేస్తున్నానా అని ఆలోచించాను, బుధవారం సంచి ఎండలో పెట్టాను, ఆ ఎండలో పెట్టిన పొద్దునే అన్నమాట.

చూడలేదు కదా నేను, మనిషిని చూడలేదు, ముఖం చూడలేదు, ఫోనులో ఒక గొంతు చెప్పింది, డబ్బా వచ్చినప్పుడైనా డబ్బా కళ్లారా చూశాను, ఇప్పుడు అది కూడా లేదు, ఆమె తీసుకెళ్లిన సంచి కూడా రాలేదు, నేను కుక్కిన మూడు జతలు ఎక్కడున్నాయో, అందుకే ఎవరడిగినా ఊరెళ్లింది అనే చెబుతున్నాను, ఊరెళ్లింది, వస్తుంది, ఎంత సులువుగా వస్తుందో నోటికి, అబద్ధం కూడా కాదు, ఊరే కదా వెళ్లింది.

ఏడాది అలా గడిచింది, నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగాయి, వాసన కూడా, నాకు తెలియలేదు, ఉన్నవాళ్లకు తెలియదు కదా, కుట్టుపనామె గుమ్మంలో నిలబడి ముక్కు చిట్లిస్తే తెలిసింది, మొన్న దొరగారు పచార్లు మానేశాడు, మూలన నిలబడ్డాడు, తోక అంచున దూది అంటుకున్నట్టు తెల్లగా, తిండి వేస్తే పైకి రాలేదు, అద్దానికి ముక్కు ఆనించలేదు, పదకొండేళ్లలో మొదటిసారి నా వంక చూడలేదు, అప్పుడు భయం వేసింది, నిన్న పొద్దున ఫిల్టరులోంచి సంచి తీసి డబ్బాలో పెట్టుకుని చేపల కొట్టుకు వెళ్లాను, ఆయన బుజ్జి స్నేహితుడు, పాతికేళ్లుగా చేపలమ్ముతున్న మనిషి, డబ్బా తెరిచి సంచి పైకెత్తి అటూ ఇటూ తిప్పి, ఇది ఆమె ముడే కదా, ఆమె నెల దాటనిచ్చేది కాదే, ఎన్నాళ్లయింది అన్నాడు, పద్నాలుగు నెలలు, ఉడకబెడుతున్నాను అని చెప్పాను, నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు, స్టూలు జరిపి కూర్చోండమ్మా అన్నాడు, ఇది స్పాంజి కాదమ్మా పిండితే ఖాళీ అవడానికి, ఒక్కో గింజలో కంటికి ఆనని కన్నాలు లక్షలుంటాయి, మురికి వాటిల్లోకి వెళ్లి కూర్చుంటుంది, నిండాయంటే నిండాయే, మీ పొయ్యి మీద వేడికి కదలదు, కొలిమిలో వేసి మళ్లీ కాల్చాల్సిందే, ఇది ఎప్పుడో చచ్చిపోయింది, ఇప్పుడివి ఉత్త గులకరాళ్లు అన్నాడు, గాజు గ్లాసులో నీళ్లు పోసి కొత్త గింజలు నాలుగు వేశాడు, సుయ్‌మంది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, పద్నాలుగు నెలలైంది ఆ చప్పుడు విని, తర్వాత నా సంచి ముంచాడు, ఏ చప్పుడూ లేదు, చూశారా అన్నాడు, తడిసి ఉన్నది ఎందుకు చప్పుడు చేస్తుందండీ, దాహం తీరినదే కదా అన్నాను, నా వంక చూశాడు, మీరూ ఆమెలాగే వాదిస్తారే అన్నాడు, ఇంతకీ ఆమె ఎప్పుడొస్తారు, నెలకని వెళ్లింది అన్నాను.

నీలం మందు సీసా ఇచ్చాడు, పదిహేను చుక్కలు, ఐదు రోజులు, ఇవాళే వేయాలి, ఆలస్యమైతే ఆ దూది మొప్పల్లోకి పాకుతుంది, అప్పుడు నేనే కాదు ఎవరూ ఏం చేయలేరు, కార్బన్ మాత్రం ఉండకూడదు, బతికున్న కార్బన్ ఉంటే తెల్లారేసరికి నీలమంతా లాగేసి నీళ్లు తేటపరిచేస్తుంది, మందు వేసినా వేయనట్టే, ఐదు రోజులయ్యాక కొత్తది పెట్టుకోండి, అప్పుడు నీలం లాగడం దాని పని, అని కొత్త పొట్లం కూడా చేతిలో పెట్టాడు, ఇంటికి వచ్చేదాకా ఒకే మాట చెవిలో, బతికున్న కార్బన్ ఉంటే నీళ్లు తేటపడతాయి, బతికున్న కార్బన్ ఉంటే, పదిహేను చుక్కలు వేశాను, నీలం పొగలా దిగి తొట్టంతా అలుముకుంది, దొరగారు కనపడలేదు, అప్పుడు సంచి నా చేతిలోనే ఉంది, పక్కన పెట్టేయవచ్చు, చెత్తబుట్టలో వేయవచ్చు, చచ్చిపోయిందన్నాడుగా, చచ్చిపోయినది పెడితే ఏం నష్టం అనుకున్నాను, అలా అనుకుని మూత ఎత్తి దాని చోట దాన్ని పెట్టాను, అలా అనుకోవడం కూడా ఒక ఎత్తు, నాకు తెలుసు, నష్టం లేదనుకుని పెట్టలేదు, తేటపడతాయేమోనని పెట్టాను, తేటపడితే ఆమె ముడి కట్టిన నెల ఇంకా అయిపోలేదని, అయిపోకపోతే ఆమె మాట తప్పలేదని, ఆ ఆశకు చేపను పణం పెట్టాను, చేస్తావులే అని నమ్మి అప్పగించి వెళ్లిన చేపను, చస్తే చావనీ అన్నది నేనే కదా, ఆ మాట నిజం చేయడానికి కాదు కదా ఇదంతా, భగవంతుడా, ఏం మనిషిని నేను.

కిటికీలోంచి ఎండ వంటింటి గట్టు మీదికి వచ్చింది, టీ చల్లారిపోయింది, కింద కుట్టు మిషను మొదలైంది, అది ఎనిమిదింటికి మొదలవుతుంది, ఇంత సేపు కూర్చున్నానా, లేచాను, మోకాలు పట్టేసింది, గోడ పట్టుకున్నాను, పది అడుగులు, నాలుగో అడుగు దగ్గర ఆగాను, తొట్టిలో ఏదో కదిలిన చప్పుడు, నీళ్లు చిందిన చప్పుడు, అది ఫిల్టరు చప్పుడేమో, తేటపడి ఉండకూడదు అని అనుకున్నాను, నాలుగో అడుగు దగ్గర ఆ మాట దానంతటదే వచ్చింది, తేటపడి ఉండకూడదు, బుజ్జీ, నీ సంచి చచ్చిపోయి ఉండాలి, దొరగారు ఉండాలి, ఎవరో ఒకరు ఉండాలి ఈ ఇంట్లో, తలుపు తోశాను.

నీలం, నిన్న ఎంత నీలమో అంతే నీలం, పిసరు కూడా తగ్గలేదు, ఎండ పడి గోడ మీదికి, నా చేతుల మీదికి, తేదీ కాగితం మీదికి నీలం నీడ ఆడుతోంది, రాత్రంతా ఆ నీళ్లు ఆ సంచిలోంచే తిరిగాయి, గింజ గింజ దాటుకుని తిరిగాయి, ఒక్క చుక్క కూడా పట్టుకోలేదు ఆ గింజలు, ఖాళీ ఎక్కడుంది వాటిలో, ఎప్పుడో నిండిపోయాయి, ఫిబ్రవరిలోనే నిండిపోయి ఉంటాయి, ఆమె ఫోనులో నెలైపోయింది కదా అన్న రోజుకే, ఆమెకు తెలుసు, లాండ్రీ మూటల నుంచి బొగ్గు గింజల దాకా దేని వ్యవధి ఎంతో తెలిసిన మనిషి, మార్చుకోమని చెప్పింది, నాకే చెప్పింది, నేనే వినలేదు, మంచి చెవులు రెండూ ఉండి, నీలంలోంచి ఒక నీడ కదిలింది, నెమ్మదిగా, పొట్ట ముందుకేసుకుని, తోక అంచున దూది ఇంకా ఉంది, పోలేదు, ఐదు రోజులన్నాడు కదా, అద్దం దాకా వచ్చి ముక్కు ఆనించి నా వంక చూశాడు, తప్పు చేసిన నౌకరును చూసినట్టు, చూడు నాయనా, చూడు, తప్పే చేశాను.

మూత ఎత్తి సంచి తీసి వంటింటి సింకు దగ్గరికి తెచ్చాను, ముడి రెండు కొసల్లో ఏది లాగాలో తెలియక వేలికి దొరికిన కొస పట్టుకున్నాను, లాగనే లేదు, దారం ఉడికీ నానీ ఎండీ పుచ్చిపోయింది, ముడి ముడిగానే ఊడి చేతిలోకొచ్చింది, గింజలు సింకులో జారాయి, గులకరాళ్లలాగే ఉన్నాయి, వాసన చూశాను, ఏమీ లేదు, నూనె వాసన అంతకంటే లేదు, వాటిని చెత్తబుట్టలో పోశాను, ముడిని కూడా, ఫిల్టరులో స్పాంజి ఒక్కటే ఉంచి మూత పెట్టాను, కొత్త పొట్లం అలమరలో పెట్టాను, ఐదు రోజుల తర్వాత కడగాలి, గిన్నెలో వేయాలి, చెవి పెట్టి వింటానో లేదో అప్పుడు చూద్దాం, పెన్సిలు తెచ్చి తేదీ కాగితంలో ఆమె రాసిన చివరి వరుస కింద మార్చి 19, తీసేశాను అని రాశాను, నా అక్షరాలు ఆమె అక్షరాల కన్నా పెద్దవి, వంకర, అయినా చదవొచ్చు, సగంలో తెగలేదు, చివరి దాకా ఉంది వాక్యం, దొరగారు కాగితం వైపు చూస్తున్నాడు, బుజ్జి రాదు అని ఆయనకు చెప్పాను, పైకే చెప్పాను, వెళ్లొస్తా అన్నది ఆయనకే కదా, కొట్టాయన అడిగితే ఇకమీద ఇదే చెబుతాను, కుట్టుపనామె అడిగినా ఇదే, మా ఆడపడుచు పోయిన ఏడాది జనవరి ఎనిమిదో తేదీన నెల రోజులకని వెళ్లింది, మార్చి రెండో తేదీ బుధవారం పొద్దున అక్కడే చనిపోయింది, తిరిగి రాలేదు.